చింతపండుతో తోమిన స్ఫటికపు మొన

అక్టోబరు నెల. దసరా వెళ్ళిన తరువాతి బుధవారం. స్థలం: సుబేదారిలోని మా మ్యూజియం, వెనక గది.

హాజరైనవారు: మా అధికారి గారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పై అధికారి గారు. నిపుణుల హోదాలో ఒక విశ్రాంత ఆచార్యులవారు. అటెండరు అక్క. టెక్నికల్ అసిస్టెంటుగా నేను. బల్ల మీద స్టీలు పళ్ళెంలో, తెల్లగుడ్డ పైన, ఐదు స్ఫటికపు బాణపు మొనలు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. సంవత్సరం కావాలనే వదిలేస్తున్నాను. సంవత్సరం వేస్తే ఆ అధికారుల కుర్చీల్లో అప్పుడెవరున్నారో మీలో కొందరు వెతుకుతారు. ఎవరున్నా కథ ఇలాగే నడిచేది కాబట్టి వెతికి ప్రయోజనం లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్ళు ఏదో తవ్వకం గురించో, బంగారు నాణేల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పగలిగింది మాత్రం చింతపండు గురించి.

మా మ్యూజియంలో రాతియుగానికి చెందిన వస్తువులు చాలానే ఉండేవి కానీ స్ఫటికంతో చేసిన బాణపు మొన ఒక్కటే. కేసముద్రం వైపు ఒక రైతు పత్తి చేనులో దొరికితే తువ్వాలలో చుట్టుకొని తెచ్చి ఇచ్చాడు. మన చేలల్లో పలుగురాళ్ళకు కొదవ లేదు. కానీ అవి తెల్లగా, మసకగా ఉంటాయి. ఇది నీళ్ళలాగా ఉండేది. అరచేతిలో పెట్టుకుంటే కింద చేతి గీతలు కనిపించేవి. చిటికెన వేలిలో రెండు కణుపులంత పొడవు. ఒక వైపు నునుపు, రెండో వైపు నడుమ ఒక చిన్న బుడిపె.

కొత్త గ్యాలరీ ప్రారంభోత్సవం దగ్గర పడుతుండగా మా అధికారి గారికి ఒక ఆలోచన వచ్చింది.

"శాలువాలు, మెమెంటోలు పాతబడ్డయి. గెస్టులకు ఏదన్న డిఫరెంట్‌గ ఇద్దాం. ఆ బాణం అసొంటియి ఒక నాలుగు చెయ్యి. నీకొస్తది గద?"

వస్తుంది. చాలా ఏళ్ళ కింద ఒక శిక్షణ శిబిరంలో నేర్చుకున్నాను. ఎడమ అరచేతిలో మందపాటి తోలు ముక్క, దాని మీద రాయి, కుడిచేతిలో రాగి మొన బిగించిన కట్టె. కొట్టకూడదు, అదమాలి. సరైన చోట, సరైన వాలులో అదిమితే రాయి అడుగు నుంచి పలచటి పెచ్చు లేస్తుంది. అలా అంచు పొడుగునా పెచ్చులు లేపుకుంటూ పోవాలి. స్ఫటికంతో చిక్కేమిటంటే, చూడడానికి నిర్మలంగా ఉంటుంది, లోపల ఎక్కడో కనబడని పగులు దాచుకుంటుంది. పని అంతా అయిపోయాక, చివరి గాటు దగ్గర ఆ పగులు బయటపడుతుంది. కొందరు పై అధికారుల స్వభావం కూడా అంతే.

వెనక వరండాలో ముక్కుకు గుడ్డ కట్టుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని కూర్చునేవాడిని. ఆఫీసు మొత్తానికి నేనొక వినోదం. అటెండరు అక్క రోజూ చీపురుతో వచ్చేది.

"గాజుపెంకులే నయం సార్. నీ పెచ్చులు చెప్పులళ్ళకెళ్ళి దిగుతానయ్. ఇంట్ల అక్క ఏమంటలేదా నిన్ను?"

"ఇంట్లో చెయ్యను కదా అక్కా."

"గందుకే మమ్ముల సంపుతానవ్."

మా అధికారి గారు కూడా ఒకసారి వచ్చి చూసి, "ఇంకెన్ని రోజులయ్యా? రాతియుగపోళ్ళు ఇంత టైం తీసుకుంటే ఆకలితోటి సచ్చేటోళ్ళు" అన్నారు. వాళ్ళు నిజంగానే చచ్చిపోయారని, అందుకే మనకు ఉద్యోగాలున్నాయని అనబోయి ఊరుకున్నాను.

ఎన్ని విరిగాయో లెక్క చెప్పను కానీ, చివరికి నాలుగు మిగిలాయి. రికార్డులోని పాత బొమ్మగీత చూసి చేశాను కాబట్టి అంచులు అన్నీ అచ్చంగా అసలుదానిలాగే ఉన్నాయి. ఒక్క బుడిపె మాత్రం నాకు లొంగలేదు. దాన్ని వదిలి చుట్టూ చెక్కుదామంటే మొన విరిగేది. చెక్కేస్తే అంతా నునుపైపోయేది. నావి నాలుగూ నునుపే. వాటి అడుగున ఎర్ర సిరాతో చుక్క పెట్టాను. అసలుదాని అడుగున నల్ల సిరాతో మ్యూజియం నంబరు ఎలాగూ ఉంది. పని పద్ధతిగా చేశానన్న తృప్తితో దసరాకు సెలవు పెట్టి మా చెల్లెలి ఊరు వెళ్ళాను.

ఆ తరువాత జరిగింది నేను చూడలేదు, పలువురు చెప్పగా రాసుకున్నాను.

మా ఆఫీసులో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. జీపుకు, కంప్యూటరుకు, ప్రింటరుకు, స్టోరు తాళాల గుత్తికి, గోడ మీది పాత కత్తులకు పసుపు, కుంకుమ. ఆ ఏడు కత్తులకు బొట్టు పెడుతూ అటెండరు అక్క అన్నదట: "కత్తులకు పెట్టి బాణాలకు పెట్టకపోతే ఎట్ల సార్? అయ్యి ఆయుధాలు కావా?"

ఈ మాట మా అధికారి గారికి ఎంతో నచ్చింది. "జిల్లాలనే పాత ఆయుధం! దానికి పూజ! ఫోటో తియ్యండి!" అని తానే తాళం తీసి, అద్దాల పెట్టెలోంచి అసలు మొనను బయటికి తెచ్చారు. పళ్ళెంలో అది ఒక్కటే బోసిగా కనిపించింది. నా బల్ల సొరుగులోంచి మిగతా నాలుగూ తెప్పించారు. ఐదింటికీ పసుపు, కుంకుమ, ఒక్కొక్క బంతిపువ్వు. హారతి స్వయంగా మా అధికారి గారే ఇచ్చారు. ఫోటో మా శాఖ వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. హైదరాబాద్ నుంచి పై అధికారి గారు రెండు చేతులు జోడించిన దండం బొమ్మ పెట్టారు.

పూజ అయ్యాక అందరూ ప్రసాదం తిని ఇళ్ళకు పోయారు. అటెండరు అక్క మాత్రం పని మిగిల్చే మనిషి కాదు. పసుపు పెట్టిన సామాను అలాగే వదిలేస్తుందా? చింతపండు నానబెట్టి, కొబ్బరిపీచుతో ఐదింటినీ తళతళలాడేలా తోమి, కడిగి, ఎండబెట్టి, అదే పళ్ళెంలో సర్దిపెట్టింది.

నల్ల నంబరు పోయింది. ఎర్ర చుక్కలు పోయాయి. అసలుదాని సందుల్లో వేల ఏళ్ళుగా పట్టి ఉన్న కేసముద్రం మన్ను పోయింది. నా పనిముట్టు రాగి నా మొనల అంచుల మీద వదిలిన సన్నటి జాడలు, భూతద్దంతో చూస్తే దొరికేవి, అవీ పోయాయి. రాగిని వదలగొట్టడానికి చింతపండును మించింది లేదని మన వంటిళ్ళన్నిటికీ తెలుసు. చింతపండు ఎవరి పక్షమూ వహించలేదు. ప్రాచీనుడినీ నన్నూ ఒక్కలాగే కడిగేసింది.

సెలవు నుంచి వచ్చేసరికి మా అధికారి గారి బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది. అటెండరు నిర్లక్ష్యం వల్ల అమూల్యమైన పురావస్తువు గుర్తుపట్టరాని స్థితికి చేరిందని దాని సారాంశం. సంతకం ఒక్కటే తక్కువ. ఆమె ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేసేది. ఆ కాగితం ఏజెన్సీకి చేరితే వచ్చే నెల ఆ చీపురు ఇంకొకరి చేతిలో ఉంటుంది. వాళ్ళింట్లో మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. భర్తకు చూపు ఆనదు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

ఇక బుధవారానికి వస్తాను.

పై అధికారి గారు కూర్చోగానే, "రేపు పొద్దున ఓపెనింగ్. ఇప్పుడు మీరేమో ఏది అసలుదో తెల్వదంటరు. రికార్డుల ఏమున్నది?" అన్నారు.

రికార్డు తెరిచాను. ఫోటో ఉంది. ఫ్లాష్ వేసి తీయడంతో స్ఫటికం ఉండవలసిన చోట ఒక వెలుగు ముద్ద మాత్రమే ఉంది. బొమ్మగీత ఉంది. అది అంచుల గీత మాత్రమే, ఐదింటికీ సరిపోయింది. బరువు అన్న గడిలో "స్వల్పం" అని రాసి ఉంది. నేను చేరకముందు ఎవరో రాసిన మాట.

పై అధికారి గారు అటెండరు అక్క వైపు తిరిగారు.

"ఎవరు కడగమన్నరమ్మా నిన్ను?"

"ఒకలు చెప్పాల్నా సార్? పసుపు పెట్టినంక కడగాలె గద. గట్లనే ఇడిసిపెడితే చీమలు పట్టయా?"

"చింతపండు ఎందుకు?"

"మరి దేనితోని తోముతరు? దేవుని సామాన్లు సబ్బుతోని తోముతరా సార్ మీ ఇంట్ల?"

"తోమరనుకో..." అని పై అధికారి గారు సగం తల ఊపి, తాను విచారణకు వచ్చిన సంగతి గుర్తొచ్చి ఆపేశారు. "అసలు పూజ ఎవరు చెయ్యమన్నరు?"

ఆమె మా అధికారి గారి వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశారు.

"గ్రూపుల ఫోటో ఉండె గద సార్. సారే హారతి ఇచ్చిండు. మీరు సుత దండం పెట్టిండ్రంట."

అందరం ఫోన్లు తీశాం. ఫోటో ఉండవలసిన చోట మెసేజ్ తొలగించబడింది అని ఉంది. దాని కింద పై అధికారి గారి దండం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. లేని దేవుడికి పెట్టిన దండంలా ఒంటరిగా ఉంది. పై అధికారి గారు ఫోను జేబులో పెట్టుకొని, గొంతు సవరించుకొని, "మనకు కావలసింది ఏందంటే, పరిష్కారం" అన్నారు. అప్పటిదాకా ఆయన అడిగింది బాధ్యుల గురించి.

పరిష్కారం ఆచార్యులవారి చేతిలో ఉంది. అసలుది ఏదో నాకు తెలుసు కానీ నన్నెవరూ అడగలేదు, బుడిపె చూసి ఆయనే పట్టేస్తారని నేనూ ఊరుకున్నాను. అసలుది ఏదో ఆయన తేల్చి చెబితే నష్టం లేనట్టే. నష్టం లేకపోతే మెమో అక్కరలేదు. తేలకపోతే మెమో వెళ్తుంది. ఈ సంగతి గదిలో అందరికీ అర్థమైంది. అటెండరు అక్క కొంగు నడుముకు దోపి, గోడకు ఆనుకొని నిలబడింది.

ఆచార్యులవారు భూతద్దం తీశారు. ఒక్కొక్కదాన్నే కిటికీ వెలుగులో పెట్టి చూశారు. చూస్తున్నంతసేపూ ఊఁ అంటూనే ఉన్నారు. ఎడమ నుంచి రెండోది చేతిలోకి తీసుకున్నాక ఆ ఊఁ కూడా ఆగిపోయింది.

"ఇదే. సందేహం అక్కరలేదు. ఈ పెచ్చుల వరుస చూడండి, చేప పొలుసుల్లా! ఇంత ఓర్పు, ఇంత నిష్ఠ! ఆధునికుడి చేతికి ఇది అసాధ్యం."

అది నాది. నాలుగింటిలోనూ బాగా వచ్చింది. అంత సర్వీసులో నా పనిని అలా పొగిడినవాళ్ళు లేరు. పొగిడిన ఒక్కరూ పొగడ్తను వేల ఏళ్ళ కింద చనిపోయినవాడి ఖాతాలో వేశారు.

ఆ తరువాత ఆయన నాలుగోదాన్ని ఎత్తారు. బుడిపె ఉన్నది. కేసముద్రం చేనులో దొరికినది.

"ఇదిగో, ఇక్కడ చూడండి. రాయి లొంగలేదు, వదిలేశాడు. ఇది నేర్చుకుంటున్నవాడి పని." నా వైపు దయగా చూశారు. "నిరుత్సాహపడకండి."

మా అధికారి గారు అప్పటికే ఊపిరి పీల్చుకుంటున్నారు. "అయితే రెండోది షోకేసుల పెడదాం. మిగిలినయి నాలుగు రేపు గెస్టులకు."

అంటే అసలుది వెల్వెట్ పెట్టెలో ఎవరింటికో వెళ్ళి, టీవీ పక్కన ప్లాస్టిక్ తాజ్‌మహల్‌తో కాపురం పెడుతుంది. నేను నోరు మూసుకుంటే అక్క ఉద్యోగం నిలుస్తుంది, మొన పోతుంది. నోరు తెరిస్తే అనుమానం మళ్ళీ లేస్తుంది, మెమో మీద సంతకం పడుతుంది. పద్ధతి గల మనిషినని నాకు నేనే చెప్పుకునేవాడిని కానీ, ఈ రెండింటినీ ఎలా కూడాలో ఏ పద్ధతీ చెప్పలేదు. ఆలోచిస్తుండగానే నోరు తెరుచుకుంది.

"అయ్యా, రెండోది నేను చేసింది. అసలుది ఆ నాలుగోది."

అటెండరు అక్క నన్ను చూసిన చూపు డైరీలో రాయలేదు. రాయకపోయినా గుర్తుంది.

"నీకెట్ల ఎర్క?" అన్నారు మా అధికారి గారు.

"చేసింది నేనే కాబట్టి సార్."

ఆచార్యులవారు చిరునవ్వు నవ్వారు. "చేతిపని చేసేవారికి ఈ మమకారం సహజం. బాగున్నదంతా తమదే అనిపిస్తుంది."

"గట్లయితే ఇంకోటి చేసి సూపెట్టు," అన్నారు పై అధికారి గారు. "మా కండ్ల ముందట. ఇంత మంచిగ వస్తే నీ మాట నమ్ముతం."

న్యాయంగానే ఉంది. వరండాలో కూర్చున్నాను. తోలు, కట్టె, అట్టిపెట్టిన ఆఖరి స్ఫటికం. వాళ్ళు ముగ్గురూ కుర్చీలు తెప్పించుకొని ఎదురుగా కూర్చున్నారు. చాయ్ వచ్చింది. మా అధికారి గారికి ఫోను వచ్చింది. "ఆఁ, మీటింగుల ఉన్న. రాళ్ళు చెక్కిస్తానం... లేదు లేదు, ముఖ్యమైన పనే" అంటున్నారు. ఆచార్యులవారు నేను ప్రతి పెచ్చు లేపినప్పుడల్లా, "ఇలా కాదు, ప్రాచీనులు ఇంకా నెమ్మదిగా..." అని సూచనలిస్తున్నారు.

పని మాత్రం బాగా సాగింది. నిజం చెప్పాలంటే రెండోదానికన్నా బాగా వస్తోంది. పై అధికారి గారు చాయ్ కప్పు పక్కన పెట్టి ముందుకు వంగారు. ఆచార్యులవారి సూచనలు తగ్గాయి. ఇక అడుగున తాడు కట్టడానికి వీలుగా రెండు గాట్లు మిగిలాయి. మొదటిది పడింది. రెండోదాని కోసం అదిమాను.

టిక్ మంది.

పెద్ద చప్పుడేమీ కాదు. మొన నడిమికి రెండుగా విడిపోయింది. విరిగిన చోట, లోపల, మంచు పొరలాంటి పాత పగులు ఉంది.

ఆ ముగ్గురి ముఖాల్లో ఎంత ప్రశాంతత వచ్చిందో! ఆచార్యులవారు నా భుజం తట్టి, "నేను చెప్పలేదా" అన్నారు. నా పని నాది కాదని నా చెయ్యే సాక్ష్యం చెప్పింది. అంతకన్నా నమ్మకమైన సాక్షి ఏ విచారణలో దొరుకుతాడు?

మినిట్స్ నా చేతే రాయించారు. పళ్ళెంలోని రెండవ వస్తువు అసలైనదిగా నిర్ధారించడమైనది. శాఖకు ఎట్టి నష్టమూ జరగలేదు. టెక్నికల్ అసిస్టెంటుకు రాతి పనిలో తగిన శిక్షణ ఇప్పించవలెను. ముగ్గురూ సంతకాలు చేశారు. మెమో నాలుగు ముక్కలై చెత్తబుట్టలో పడింది.

సాయంత్రం వరండాలో పెచ్చులు ఊడుస్తూ అటెండరు అక్క అడిగింది. "నా కోసమే ఇరగ్గొట్టినవ్ గద సార్?"

"లేదక్కా. దానంతట అదే విరిగింది."

"సరె సరె. మంచోళ్ళు గట్లనే అంటరు." కాసేపు ఊడ్చి మళ్ళీ అంది: "గని ముందుగాల నోరు తెరిసినవ్ సూడు, అప్పుడైతే నీ నోట్ల ఇంత మన్ను పొయ్యాలనిపించింది. నిజం చెప్పుడు గంత అర్జెంటా సార్?"

పిల్లలూ, ఈ ప్రశ్నకు నా సర్వీసు మొత్తంలో మంచి జవాబు దొరకలేదు. మీకు దొరికితే రాసుకోండి. నేను గమనించింది ఒక్కటే. ఆ గదిలో ఎవరికీ అబద్ధం మీద ప్రేమ లేదు. తొందరగా ముగిసే నిజం కావాలి, అంతే.

మరునాడు పొద్దున్నే మా అధికారి గారు తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, పూలదండల సంగతి చూడడానికి వెళ్ళిపోయారు. షోకేసులో మొనను నిలబెట్టడం, మిగతా వాటిని పెట్టెల్లో సర్దడం నా పని. అటెండరు అక్క షోకేసు అద్దాలు తుడుస్తోంది. మేమిద్దరం తప్ప గ్యాలరీలో ఎవరూ లేరు. నేను పళ్ళెం ముందు నిలబడి కదలలేదు.

"ఏంది సార్, గట్ల నిలవడ్డవ్? ఫికరేంది?"

"రెండోది పెట్టమని సంతకాలు చేశారక్కా. రెండోది నాది. అసలుది నాలుగోది."

ఆమె నన్నూ పళ్ళేన్నీ మార్చి మార్చి చూసింది. గుడ్డ భుజం మీద వేసుకొని వచ్చి, పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకొని, మెల్లగా ఇటు చివర అటు వచ్చేలా తిప్పింది.

"ఇప్పుడు లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. రెండవ వస్తువు నడుమ బుడిపె ఉంది. దాన్ని షోకేసులో, దీపం కింద, బుడిపె ముందుకు కనబడేలా నిలబెట్టాను. మినిట్స్‌కు ఒక్క అక్షరం కూడా వ్యతిరేకంగా పోలేదు. మిగతా నాలుగూ వెల్వెట్ పెట్టెల్లోకి వెళ్ళాయి. నిన్న చేప పొలుసులన్నదాన్ని ఆచార్యులవారి పెట్టెలో నేనే స్వయంగా పెట్టాను.

రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. ఆచార్యులవారు తన పెట్టె పట్టుకొని నేరుగా షోకేసు దగ్గరికి వచ్చారు. భూతద్దం తీసి అద్దంలోకి చాలాసేపు చూశారు.

"ఆ బుడిపె చూశారా?" అన్నారు, గొంతు తగ్గించి. "రాయి వద్దన్న చోట ఆగిపోయాడు. అదీ ప్రాచీనుడి వివేకం." తరువాత తన పెట్టె తెరిచి, అందులోని మొనను అటూ ఇటూ తిప్పి చూసి, జాలిగా తల ఊపారు. "మీది మరీ వరసగా ఉంది. మరీ నునుపు. ఆధునికుడి చెయ్యి ఇక్కడే దొరికిపోతుంది. అయినా ప్రయత్నం మంచిదే. సాధన చేయండి."

"అలాగేనండి," అన్నాను.

పక్కన అటెండరు అక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అద్దం మీద లేని మరకను గట్టిగా తుడుస్తోంది.